గోనెపట్టా మీద తెల్ల కుందేలు

కుందేలంటే క్యారెట్ తినే జంతువని బొమ్మలు గీసి పిల్లలకు నేర్పినవాడు కనబడితే ఒక్క మాట అడగాలని నాకు చాలాకాలంగా ఉంది. అయ్యా, నువ్వు ఎప్పుడైనా కుందేలును దగ్గరగా చూశావా? నేను చూశాను. భద్రాచలం దారిలో చేలు అయిపోయి అడవి మొదలయ్యే చోట మా ఊరు. మా నాన్న వేసిన పెసర చేనును కుందేళ్ళు తెల్లారేసరికి మొదలంటా కొరికి పెట్టేవి. ఆకు, గడ్డి, లేత కొమ్మ, బెరడు, ఇవీ వాటి తిండి. దుంప తవ్వుకుని తిన్న కుందేలును ఈ డెబ్బైమూడేళ్ళలో నేను చూడలేదు.

మా చేను పక్కన మేకలు కాసే కోయ పెద్దాయన ఒకాయన ఉండేవాడు. మా నాన్న పన్నిన ఉచ్చులో ఒకసారి కుందేలు పడితే, అది చప్పుడు చేయకుండా ముడుచుకుని కూర్చోవడం చూసి, దీనికి ఏమీ కాలేదని నేను అన్నాను. ఆయన నవ్వాడు.

"అరిస్తే నక్కకు ఇనబడతది గదరా. నొప్పి దాసుకునుడే దాని బతుకు. పైకి తెల్సిందంటే పని అయిపోయినట్టే."

ఆ మాట అరవై ఏళ్ళకు పైగా నా దగ్గరే ఉంది. దానితో పని పడ్డ రోజున మాత్రం రెండు రోజులు ఆలస్యంగా గుర్తుకొచ్చింది. ఆ రెండు రోజుల సంగతే ఇది.

నేను ఐదో తరగతితో బడి మానేశాను. ఖమ్మం వచ్చి మిర్చి మార్కెట్‌లో నలభై ఏళ్ళు దడ్వాయిగా పనిచేశాను. రైతు తెచ్చిన బస్తాను కాంటా మీదకు ఎక్కించి తూకం చెప్పేవాణ్ణి మా దగ్గర దడ్వాయి అంటారు. ఇంగ్లీషు నాకు ఎవరూ నేర్పలేదు. పురుగుమందు డబ్బాలకు అంటించిన కాగితాలు, మందుబిళ్ళల పెట్టెల్లో ఎనిమిది మడతలు పెట్టి దాచే సన్న అక్షరాల కాగితాలు చదివి నేర్చుకున్నాను. చదువుకున్నవాళ్ళు చదవకుండా పారేసే కాగితాలన్నీ నేను చదివాను. ఆ సంగతి వీధిలో అందరికీ తెలుసు. తెలియనివాళ్ళకు నేనే చెబుతాను.

మార్కెట్ వెనక వీధిలో మా ఇల్లు. ఎదురింట్లో బ్లౌజులు కుట్టే ముస్లిం ఆవిడ ఉంటుంది. భర్త పోయాడు, కూతురిని భద్రాచలంలో ఇచ్చింది. కుట్టుమిషన్ పక్కన పీట మీద ఎప్పుడూ ఒక తెల్ల కుందేలు కూర్చుని ఉంటుంది. ఆవిడ మిషన్ తొక్కుతూ దానితో ఉర్దూలో మాట్లాడుతుంది. చాలా పద్ధతైన మనిషి. మా ఇంటికి ఎప్పుడు వచ్చినా కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని గడప దగ్గరే నిలబడి మాట్లాడి వెళ్ళిపోతుంది. పెద్దవాడి ఎదుట మర్యాద. ఈ కాలంలో ఇంత మర్యాద ఎవరికుందని మా ఆవిడతో ఎన్నోసార్లు మెచ్చుకున్నాను.

ఈ ఏడు చలి వెనకబట్టి మార్కెట్‌కు ఎర్రబస్తాలు రావడం మొదలైన రోజుల్లో ఆవిడ పంజరం పట్టుకుని మా గడప దగ్గరికి వచ్చింది.

"అన్నా, బిడ్డకు నెలలు నిండినయ్. పది దినాలు పోవాలె. దీన్ని బస్సుల తీస్కపోతే బెదిరి సస్తది. నువ్వైతే అన్నీ సదివినోనివి."

ఆ చివరి మాట దగ్గర నేను దొరికిపోయాను.

"పోయిరా చెల్లే. నువ్వు ఎట్లిచ్చినవో గట్లనే నీ చేతుల పెడత."

"గడ్డి మాత్రం ఎప్పుడూ ఉండాలె అన్నా. కొత్తిమీర పొద్దున ఇంత, సాయంత్రం ఇంత. నీళ్ళు మార్చాలె." పంజరం దింపి కాసేపు అక్కడే నిలబడింది. "ఆయన పోయినంక ఇంట్ల నాతోని మాట్లాడేది ఇదొక్కటే," అంది కొంగు చాటు నుంచి. "జర పైలం."

ఆవిడ వెళ్ళాక మా ఆవిడ పంజరంలోకి తొంగిచూసి అంది. "ఉచ్చులేసి కుందేళ్ళను పట్టిన ఇంట్ల పుట్టి, ముసలితనంల కుందేలుకు కావలి కూసున్నవా. మీ నాయిన చూస్తే మురుస్తుండె."

మొదటి రోజు బాగానే గడిచింది. రెండో రోజు దాని వెనక కాళ్ళ మడమలు చూశాను. పంజరం అడుగు ఇనుప జాలీ. మడమల దగ్గర బొచ్చు పలచబడి తోలు ఎర్రగా కనిపించింది. మూడేళ్ళుగా దీన్ని ఇనుప తీగల మీద కూర్చోబెడుతున్నారు, అమ్మినవాడికైనా బుద్ధి ఉండొద్దా అని నాకు ఒళ్ళు మండింది. అటక మీద నా గోనె బస్తాలు ఉన్నాయి. పని మానేసిన రోజున మార్కెట్ నుంచి తెచ్చుకున్నవి, ఇరవై దాకా. ఇప్పుడు అందరూ ప్లాస్టిక్ సంచులు వాడుతున్నారు గాని ఆ జనపనార గోనె మెత్తదనం వేరు. ఒకటి దింపాను. నాలుగుసార్లు దులిపాను. ఒక పూట ఎండలో ఆరేశాను. రెండు మడతలు పెట్టి జాలీ మీద పరిచాను.

"ఆమె దుప్పటి ముక్క ఇచ్చిపోయింది గదనయ్యా, అది ఎయ్యి," అంది మా ఆవిడ.

"అది నైలాన్. దారాలు పీకి మింగితే పేగుకు సుట్టుకుంటది."

"నువ్వు పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు."

"నాలుగు కాళ్ళున్నయి కాబట్టే పుండ్లు పడకుండ ఏస్తున్న."

ఈ మాట నాకు చాలా నచ్చింది. సాయంత్రం దాకా తలుచుకుని నవ్వుకున్నాను.

ఆ మర్నాటి నుంచి కుందేలు మొహం కడుక్కోవడం మొదలుపెట్టింది. ముందు కాళ్ళు రెండూ ఎత్తి, మూతి మీద నుంచి కళ్ళ మీదుగా తుడుచుకుంటుంది. మళ్ళీ ఎత్తుతుంది, మళ్ళీ తుడుచుకుంటుంది. చూడడానికి ఎంత ముచ్చటగా ఉంటుందో. వంటింట్లో నుంచి మా ఆవిడను పిలిచి మరీ చూపించాను. "కొత్త చోటు, శుభ్రంగ ఉన్నదని దీనికి గూడ తెల్సింది," అన్నాను. మధ్యమధ్య చిన్నగా తుమ్మింది. పొద్దుటి చల్లగాలి అనుకుని పంజరాన్ని గుమ్మం నుంచి లోపలికి, సరిగ్గా అటక కిందికి జరిపాను. చేసిన తెలివితక్కువ పనుల్లో ఇది రెండోది.

నాలుగో రోజు పొద్దున కొత్తిమీర వాడిపోయి అలాగే ఉంది. గడ్డి తగ్గలేదు. పెంటికలు శనగగింజంత ఉండేవి మిరియాల గింజల్లా చిన్నవైపోయాయి. అవీ పది లేవు. చూశాను. చూసి, ఎండ ముదురుతోంది, మనకే అన్నం సయించడం లేదు, దానికి మాత్రం సయిస్తుందా అనుకున్నాను. ఎన్ని కాగితాలు చదివినా మనిషి తనకు కావలసిందే నమ్ముతాడు.

ఆ మధ్యాహ్నమే భద్రాచలం నుంచి వీడియో కాల్ వచ్చింది. కూతురిని దవాఖానాలో చేర్చారట, ఇంకా కాన్పు కాలేదట. "ఒక్కసారి చూపియ్యన్నా," అంది. చూపించాను.

"అట్ల ముడుసుకుని కూసున్నదేంది?"

"తిని పండుకున్నది చెల్లే. నిద్రల ఉన్నది."

అబద్ధం. బిడ్డ పురిటిలో ఉన్న మనిషిని భయపెట్టడం ఎందుకని చెప్పానని అప్పుడు నాకు నేను సర్ది చెప్పుకున్నాను. ఒప్పగించిన ప్రాణం నా చేతిలో చెడిపోతోందని ఒప్పుకోలేక చెప్పాను. అసలు సంగతి అది.

ఐదో రోజు పొద్దున గోనె మీద ఒక్క పెంటిక లేదు. కుందేలు ఒక మూలన వీపు ఎత్తి, పొట్టను నేలకు ఆనించకుండా కూర్చుని ఉంది. కళ్ళు సగం మూసింది. కంటి కింద బొచ్చు తడిసి అట్టకట్టింది. చెవి పట్టుకుంటే చల్లగా తగిలింది. దగ్గరగా వంగితే సన్నని చప్పుడు వినబడింది. పళ్ళు నూరుతోంది. ఆ చప్పుడు విన్నాకే కోయ పెద్దాయన మాట గుర్తొచ్చింది. పైకి తెలిసిందంటే పని అయిపోయినట్టే.

మా ఆవిడ వాము నీళ్ళు కాచి తెచ్చింది. చంటిపిల్లలకు కడుపు బిగిస్తే మన ఇళ్ళలో చేసే పనే. చెంచా మూతి దగ్గర పెడితే కుందేలు మొహం తిప్పేసుకుంది. బలవంతంగా పోయడానికి చేతులు రాలేదు. ఆమె లోపలికి వెళ్ళి, కిందటి నెల తనకు పంటి చీముకు రాసిచ్చిన బిళ్ళల్లో మిగిలినవి పట్టుకొచ్చింది.

"కండ్ల నీళ్ళు, తుమ్ములు. లోపల చీము పట్టినట్టున్నది. పావు బిళ్ళ తేనెల అరగదీసి నాకిస్తే?"

నాకూ అదే ఆలోచన వచ్చింది, దాచను. పెట్టెలోంచి కాగితం తీసి పూర్తిగా చదివాను. పెద్దలకు ఎంత, పిల్లలకు ఎంత, చూలింతలు వాడొచ్చా, మూత్రపిండాలు చెడినవాళ్ళు ఏం చేయాలి, అన్నీ ఉన్నాయి. కుందేలు మాట ఎక్కడా లేదు.

"రాసి లేదు. ఇయ్యను."

"ఊరికె చచ్చిపోతాంటే చూస్తవా?"

"డాక్టరుకు చూపిస్త."

బిళ్ళలను చొక్కా జేబులో వేసుకున్నాను. కుందేలును గోనెపట్టాతో సహా ఎత్తి వెదురుబుట్టలో పెట్టాను. అది మెత్తగా ఉంటుందనే. ఆటో ఎక్కితే డ్రైవరు అద్దంలోంచి చూసి, "కూరకా పెద్దాయనా?" అని అడిగాడు.

"మీ ఇంట్ల ఎవరికన్న జ్వరమొస్తే కూరొండుకుంటరా?"

గుంతలు వచ్చినచోట అతను బుట్ట వైపు చూసి మెల్లగా పోనిచ్చాడు. ఆ సంగతి కూడా చెప్పాలి.

పెంపుడు జంతువులను చూసే ఆ క్లినిక్‌లో నాకంటే ముందు నాలుగు కుక్కలు ఉన్నాయి. గుమ్మం దగ్గర చీటీలు రాసే మనిషి, "కుందేళ్ళు ఎవరూ తేరు పెద్దాయనా, అవి ఎట్లైనా బతకవు," అన్నాడు. ఎట్లైనా బతకవు అనడానికి ఈయన ఎవరు? నా గొంతు పెరిగింది. ఈ దేశంలో పాలివ్వని ప్రాణికి, ఇల్లు కాపలా కాయని ప్రాణికి వైద్యం లేదని ఎక్కడ రాసి ఉందో చూపించమన్నాను. ఆ గొడవ విని లోపల నుంచి డాక్టరమ్మ బయటికి వచ్చింది. మా మనవరాలి వయసు, సత్తుపల్లి వైపు మాట.

"ఎప్పటి నుంచి తినట్లేదు తాతగారూ?"

"నిన్న పొద్దుటి నుంచమ్మా."

ఆమె మొహం మారింది. కుక్కలవాళ్ళకు నచ్చజెప్పి నన్ను ముందు లోపలికి రమ్మంది. బల్ల మీద బుట్ట పెట్టాను. ఆమె వంగి మూత తీసింది. వెంటనే తుమ్మింది. మొహం పక్కకు తిప్పి మళ్ళీ తుమ్మింది. వెనక నిలబడిన చీటీల మనిషి కూడా తుమ్మి, కళ్ళు నలుపుకుంటూ గోడ దాకా వెళ్ళిపోయాడు.

"జలుబు చేసిందా అమ్మా?" అన్నాను.

ఆమె కళ్ళలో నీళ్ళతో నా వైపు చూసింది. "తాతగారూ, మీకు ఘాటు రావట్లేదా?"

"ఏం ఘాటు?"

"ఈ గోనె ఎక్కడిది?"

చెప్పాను. చెబుతుండగానే నాకు అర్థమవుతోంది. నలభై ఏళ్ళు మిర్చి దుమ్ములో నిలబడి తూకం చెప్పినవాణ్ణి. నా ముక్కుకు ఆ వాసన అసలు వాసనే కాదు, గాలి. నాలుగుసార్లు దులిపాను గాని, దులిపింది చాలో లేదో చెప్పవలసిన ముక్కు నాకు ఎప్పుడో పోయింది.

ఆమె గోనెను రెండు వేళ్ళతో తీసి బయట పడేయించింది. తర్వాత కుందేలు ముందు కాళ్ళు తిప్పి లోపలి వైపు నాకు చూపించింది. బొచ్చంతా తడిసి, ఎండి, మళ్ళీ తడిసి జిగురుగా అంటుకుపోయి ఉంది.

"ఇది చూశారా? ముక్కూ కళ్ళూ కారుతుంటే తుడుచుకుని తుడుచుకుని ఇలా అయింది."

"మొహం కడుక్కుంటుందనుకున్నమమ్మా."

"అందరూ అలాగే అనుకుంటారు." ఆమె కసురుకోలేదు. కసురుకున్నా బాగుండేది. మూడు రోజులు అది మంటకు తుడుచుకుంటుంటే నేను ముచ్చట పడి మా ఆవిడను పిలిచి చూపించాను.

ఆమె పని చేస్తూనే చెప్పింది. కుందేలు మనలాగా నోటితో గాలి పీల్చుకోదు, దానికి ముక్కే దిక్కు. ముక్కు మండితే తిండి మానేస్తుంది. దాని పేగు తిరగలి లాంటిది, పైనుంచి గడ్డి పడుతూ ఉంటేనే తిరుగుతుంది. పడకపోతే ఆగిపోతుంది, లోపల గాలి నిండుతుంది, నొప్పికి ఇంకా తినదు. వాంతి చేసుకునే వీలు కూడా దానికి లేదు. "ఒక పూట తినలేదంటే మర్నాటి దాకా చూడకూడదు తాతగారూ. ఆ పూటే తీసుకురావాలి." పొట్టను వేళ్ళతో తడిమింది, గొట్టం పెట్టి విన్నది, పళ్ళు, వెనక దవడలు దీపం వేసి చూసింది. పళ్ళు బాగున్నాయంది. కళ్ళు కడిగింది. నొప్పికి సూది వేసి, మెడ వెనక తోలు కింద సెలైన్ ఎక్కించింది. అక్కడ చిన్న మూపురంలా ఉబ్బింది.

అప్పుడు జేబులో బిళ్ళలు గుర్తొచ్చి తీసి చూపించాను. ఆమె చేయి ఆగిపోయింది.

"ఇది పెట్టారా?"

"లేదమ్మా. కాయితంల కుందేలని లేదు."

ఆమె కుర్చీలో వెనక్కి వాలింది. "ఇది పెనిసిలిన్ జాతి మందు. కుందేలుకు నోటి ద్వారా ఇస్తే పేగులో ఉండే మంచి క్రిములన్నీ పోతాయి. ఇక మనం చేసేదేమీ ఉండదు. మంచి పని చేశారు."

ఆ రోజు మొత్తంలో నేను విన్న ఒకే ఒక్క మంచి మాట అది. ఎనిమిది మడతల కాగితాలు చదివినందుకు నలభై ఏళ్ళుగా నన్ను వెక్కిరించినవాళ్ళందరూ వరసగా కళ్ళ ముందు కనబడ్డారు.

"బతుకుతదా అమ్మా?"

"రేపటికి పెంటికలు పడాలి. పడితే బతుకుతుంది. పడకపోతే మళ్ళీ తీసుకురండి." గడ్డిపొడి ఇచ్చి, నీళ్ళలో జావలా కలిపి సూది లేని సిరంజితో దవడ పక్క నుంచి కొంచెం కొంచెంగా పట్టమంది. ముందు నుంచి పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుందట. మా వాము నీళ్ళ చెంచా గుర్తొచ్చింది. "ఒళ్ళు వెచ్చగా ఉంచండి. ఇంకో మాట తాతగారూ, ఏమీ అనుకోకండి. మీ చొక్కా కూడా మార్చుకోండి."

ఇంటికి వచ్చి జరిగింది మా ఆవిడకు చెప్పాను. "మన ఇంట్ల వద్దు. తాళంచెవి ఇచ్చిపోయింది గద, ఆమె ఇంట్లనే పెడదాం," అంది. పంజరాన్ని కడిగి, ఎదురింటి మిషన్ పక్కన పెట్టి, జాలీ మీద ఎండుగడ్డి మందంగా పరిచాం. నేను తలంటు పోసుకుని, చాకలి దగ్గర నుంచి అప్పుడే వచ్చిన ధోతి చుట్టుకుని కూర్చున్నాను. మా ఆవిడ సిరంజి పట్టుకుంది. నేను కుందేలును తువ్వాలులో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాను.

రెండోసారి పడుతున్నప్పుడు ఆమె తల ఎత్తకుండానే అంది. "నేను ముదిగొండ నుంచి మీ ఇంటికొచ్చిన కొత్తల ఆర్నెల్లు తుమ్మిన. యాదికున్నదా?"

"జలుబు అన్నరు గద."

"మీ అమ్మ అన్నది జలుబని. తర్వాత కొత్త కోడలికి ఏషాలెక్కువ అన్నది. రాత్రి నువ్వు పక్కన పండుకుంటే కండ్లు మండి ఏడిస్తే, పుట్టింటి మీద బెంగ అన్నది."

"నాకెందుకు చెప్పలే?"

"ఎవరికి చెప్పాలె? ఆ దుమ్ము నీ ఒంటి మీదికెల్లే వస్తుండె." సిరంజి దవడ పక్కకు మెల్లగా జరిపింది. "తర్వాత నాకు గూడ వాసన పోయింది. అయిపోనియ్, కదలకుండ పట్టుకో."

యాభై ఏళ్ళు. నా జ్ఞాపకశక్తి గురించి వీధిలో గొప్పగా చెప్పుకుంటారు. ఆ ఏడుపు నాకు గుర్తే లేదు. కుందేలు గుండె నా అరచేతి కింద చిన్న మోటారులా కొట్టుకుంటోంది. దాన్ని కదలకుండా పట్టుకుని కూర్చున్నాను.

మర్నాడు పొద్దున తలుపు తీసి ముందు గడ్డి కింద చేయి పెట్టి వెతికాను. ఒకటి దొరికింది. ఆవాలంత, నల్లగా, బొచ్చుతో అతుక్కుని. అరచేతిలో పెట్టుకుని వెలుతురులోకి తెచ్చి మా ఆవిడకు చూపించాను. "ఇంతేనా?" అంది. ఎనిమిది గంటలకు దండలా మూడు కలిసి పడ్డాయి. పదింటికి ఇంకొన్ని. పెరిగి పెరిగి మధ్యాహ్నానికి మళ్ళీ శనగగింజలయ్యాయి. మార్కెట్‌లో ఎంత మేలు రకం కాయనూ నేను అంత శ్రద్ధగా చూసి ఉండను. అప్పుడు మా ఆవిడ ఒక కొత్తిమీర కాడ పంజరంలోకి అందించింది. కుందేలు వాసన చూసింది. ఆగింది. కాడ చివర పట్టుకుంది. కరకరమని ఒక చప్పుడు మొదలై, కాడ మెల్లగా నోట్లోకి వెళ్ళిపోయింది. మేమిద్దరం ఊపిరి బిగబట్టి ఆ చప్పుడు విన్నాం. తర్వాత ఆమె గోడకు చేరగిలబడి కూర్చుంది. "ఇగ నాకిన్ని టీ నీళ్ళు పొయ్యి," అంది. యాభై ఏళ్ళలో మొదటిసారి, లేచి వెళ్ళి పెట్టి తెచ్చాను.

సాయంత్రం భద్రాచలానికి నేనే ఫోన్ చేశాను. మనవడు పుట్టాడట, తల్లీ బిడ్డా బాగున్నారట. ఆ సంతోషం అయ్యేదాకా ఆగి, మొత్తం చెప్పాను. గోనె, అటక, తుమ్ములు, మొహం కడుక్కోవడం, నిద్రపోతోందని నేనాడిన అబద్ధం. ఏదీ దాచలేదు. ఆవిడ ఏడుస్తుందనుకున్నాను.

"ఇప్పుడు తింటున్నదా అన్నా?"

"తింటున్నది. ఇగో, విను." ఫోన్‌ను పంజరం దగ్గర పెట్టాను.

విన్నది. తర్వాత నవ్వింది. కడుపు పట్టుకుని నవ్వుతున్నట్టు వినబడింది.

"నేను మీ ఇంటికొస్తే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంట, ఎన్నడూ చూడలే?"

"చూసిన చెల్లే. పెద్దోని ముంగట మర్యాద అనుకున్న."

"మర్యాదనే అన్నా. పెద్దోళ్ళ ఇంట్ల తుమ్ముడెందుకని."

నాలుగు రోజులకు ఆవిడ తిరిగి వచ్చేసరికి అటక ఖాళీ చేయించాను. బస్తాలు తీసుకుపోయిన మనిషి వీధి చివరి దాకా తుమ్ముకుంటూ పోయాడు. ఇంటికి సున్నం వేయించాం. ఎట్లిచ్చావో అట్లే ఇస్తానన్న మాట పూర్తిగా నిలబడలేదు. ముందు కాళ్ళ మీద అట్టకట్టిన బొచ్చును డాక్టరమ్మ కత్తిరించిన చోట రెండు గులాబీ రంగు మచ్చలున్నాయి. ఆవిడ కుందేలును ఎత్తుకుని ఆ మచ్చలు నిమిరింది, ఉర్దూలో ఏదో అడిగింది. అది ఆమె చీర కుచ్చెళ్ళు కొరకబోయింది.

ఆ సాయంత్రం మిఠాయి పట్టుకుని మా గడప దగ్గరికి వచ్చింది. అలవాటుగా చేయి కొంగు మీదికి పోయింది. మా ఇద్దరినీ చూసి, చేయి దింపేసింది. గడప దాటి లోపలికి వచ్చి కుర్చీలో కూర్చుంది. ఆ వీధిలో ఇరవై ఏళ్ళుగా ఉంటున్న మనిషి, మా ఇంట్లో కూర్చోవడం అదే మొదటిసారి.

ఒకసారి తుమ్మింది.

"ఇంకా జరంత ఉన్నదన్నా," అంది.

మా ఆవిడ లేచి కిటికీలు రెండూ బార్లా తెరిచింది.